శెట్టిగారి జత

పోయిన వారం మిమ్మల్ని జమ్మలమడుగులో, డిసెంబరు చలిలో, మైకు కింద నిలబెట్టి వెళ్ళిపోయాను. వారమంతా నన్ను తిట్టుకునే ఉంటారు. తిట్టుకుంటే తిట్టుకున్నారు గానీ, మళ్ళీ అక్కడికే రండి. ఆ మైకులో వినిపించిన మాట గుర్తుంది కదా?

"ప్రొద్దుటూరు వీరాంజనేయులు శెట్టిగారి జత! యజమాని ముందుకు రావాల! యజమాని లేకుంటే జత దిగేదానికి లేదు!"

ఆ వీరాంజనేయులు శెట్టి మా మామ. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో ఆయనను ఎరగనివాళ్ళు లేరు. ఆ జత ఎవరంటే నేనూ, నా స్నేహితురాలు హజరాబీ. మైకు అలా అరుస్తున్న సమయానికి ఆయన ఇంట్లో వాలుకుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. కోడలు పద్మశ్రీ ఎవరిదో గృహప్రవేశానికి జమ్మలమడుగు పోయిందని ఆయన నమ్మకం. ఆ అబద్ధం చెప్పింది నేనే.

మైకు పట్టుకున్న పెద్దమనిషి ఆదినారాయణ రెడ్డి. చుట్టుపక్కల ఎక్కడ ఎద్దుల బండలాగుడు పోటీ జరిగినా జెండా ఆయన చేతిలోనే ఉండాలి. ఈ ఏడు ఊళ్ళో కుర్రవాళ్ళు మనుషులకు కూడా ఐదు కిలోమీటర్ల పరుగు పందెం పెడదామన్నారు. ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు గానీ, ఆయనకు తెలిసిన పందెం ఒక్కటే. ఎద్దులు జతలుగా దిగుతాయి కాబట్టి మనుషులూ జతలుగానే దిగాలన్నాడు. కాడికి బదులు కండువా. ఒక కొస ఒకరి చేతిలో, రెండో కొస ఇంకొకరి చేతిలో. కొస వదిలితే జత రద్దు. ప్రతి జతకూ ఒక యజమాని ఉండాలి, ఆయన గీత దగ్గర నిలబడాలి. కావాలంటే జత పక్కన ఉరుకుతూ గొంతు చించుకోవచ్చు గానీ జతను ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రద్దు. ఒక జత వెనక ఒక జతను వదులుతానని కూడా మొదట పట్టుబట్టాడు. అలా అయితే సాయంత్రం దాకా పడుతుందని బ్యాంకులో పనిచేసే మా స్నేహితురాలు లహరి నచ్చజెప్పేసరికి దాని తల ప్రాణం తోకకొచ్చింది.

నవ్వొస్తోందా? పేరు ఇచ్చిన రోజు నాకూ నవ్వొచ్చింది. ఆయన ఫోనులో "ఎవరి జతమ్మా?" అని అడిగాడు. గ్యాసు వాడు అడిగినా, కొరియరు వాడు అడిగినా, పెళ్ళి చదివింపుల దగ్గర అడిగినా ఏం చెబుతానో అదే చెప్పాను. "వీరాంజనేయులు శెట్టిగారిది" అన్నాను. నోరు దానంతటదే అనేసింది. మా ఇళ్ళలో ఆడవాళ్ళ నోటికి ముందు వచ్చే పేరు అదే. నా పేరు ఆ వెనక ఎప్పుడో, ఎవరైనా అడిగితే వస్తుంది.

ఇంకో సంగతి గీత దగ్గరికి వచ్చాక తెలిసింది. మగ జతలను ఆయన ఆ ప్రశ్నే అడగలేదట. వాళ్ళకు వాళ్ళే యజమానులు. ఆడ జతల వెనక మాత్రం మంకీ క్యాపులు పెట్టుకున్న నాన్నలూ మొగుళ్ళూ వరుసగా నిలబడి చేతులు రుద్దుకుంటున్నారు. ఆదినారాయణ రెడ్డి చెడ్డవాడు కాదు. అయినా నాకు ఒళ్ళు మండింది. పక్కన టీ కొట్టు మునెమ్మ ఊరికే ఉండలేదు.

"యజమాని అంట, యజమాని! మా ఇంట్లో మొగునికే నేను యజమాని. పొద్దున లేసి వానికి టీ పోసేది నేను, దుడ్లు ఇచ్చేది నేను."

అందరూ నవ్వారు. హజరాబీ నవ్వలేదు.

హజరాబీ సంగతి కొత్తగా చదివేవాళ్ళకు చెప్పాలి. బడిలో ఉన్నప్పుడు జిల్లా తరఫున పరిగెత్తిన పిల్ల. పెళ్ళితో ఆ పరుగు ఆగింది. ఆ పెళ్ళి నిలవలేదు, పరుగు కూడా తిరిగి రాలేదు. తల్లి ఖమర్‌బీతో ఉంటూ చీరలకు ఫాల్స్ కుట్టుకుంటోంది. మా అంగడి వెనక వీధే. వానాకాలం చివర్లో ఒక తెల్లవారుజామున నేను బరువు తగ్గాలని నడకకు బయలుదేరితే, సందు మలుపులో ఈమె బూట్లు చేత్తో పట్టుకుని, బయటికి రావాలా వద్దా అని గడపలో నిలబడి ఉంది. ఆ రోజు మొదలైంది మా స్నేహం. నా నడక ఆమె వల్లే పరుగైంది. ఇంట్లో వాళ్ళకు మాత్రం అది ఇప్పటికీ నడకే.

పోయిన నెల పులివెందులలో ఒక బడి పిల్లల ఆటల పోటీలకు హజరాబీ సాయానికి వెళ్ళింది. ఆ బడి కరస్పాండెంటు శరత్ చంద్ర ఆమెను చూశాడు. ఆడపిల్లలకు ఆటలు నేర్పే మేడం కావాలి, ఈ జమ్మలమడుగు పందానికి నేనే ముఖ్య అతిథిని, ఆడవాళ్ళలో మొదటి మూడు జతల్లో వస్తే కమిటీని ఒప్పించి ఉద్యోగం ఇస్తాను, రాకపోతే నా చేతుల్లో లేదు అన్నాడు. అప్పటి నుంచి హజరాబీ కుట్టు మిషను దగ్గర కూర్చున్నా ఆమె కాళ్ళు కుదురుగా లేవు. ఇప్పుడు యజమాని రాకపోతే ఆ ఉద్యోగం గీత దగ్గరే పోతుంది.

నేను ఫోను తీశాను. హజరాబీ నా చెయ్యి పట్టుకుంది.

"ఎవరికక్కా?"

"మా మామకు."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? తెలిసిందంటే రేపటి నుంచి నిన్ను గడప దాటనీరు. ఫోన్ లోపల పెట్టు."

"పెడితే నీ ఉద్యోగం?"

"ఇంకోటి దొరుకుతాది."

"యాడ దొరుకుతాది?"

ఆమె కాసేపు రోడ్డు వైపు చూసింది. "దొరక్కుంటే ఫాల్స్ కుట్టుకుంటా. ఇన్నాళ్ళు కుట్టలేదా? నా కోసరం నీ ఇంట్లో రగడ వద్దక్కా."

అంత కావలసిన వస్తువును అంత తేలిగ్గా పక్కన పెట్టే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నేనైతే పెట్టగలిగేదాన్ని కాదు, నిజం చెబుతున్నాను. ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది, దాంతోపాటు మొండితనం కూడా. చెయ్యి విడిపించుకుని నంబరు నొక్కేశాను.

"మామా, నేను పద్మను. జమ్మలమడుగులో ఉండా."

"తెలుసు కదా. గృహప్రవేశం అయిపోయిందా?"

"గృహప్రవేశం లేదు మామా. నేను పరుగు పందానికి వచ్చినా. హజరాబీతో. మీ పేరు ఇచ్చినా. మీరు రాకుంటే మమ్మల్ని దిగనీరంట."

అవతల వంటింట్లో కుక్కరు విజిలు వినిపించింది, మా అత్త ఎవరినో పిలుస్తున్నట్టు వినిపించింది. ఫోను పక్కన పెట్టేశాడేమో అనుకున్నాను.

"యాడికి రావాల?" అన్నాడు మా మామ.

చెప్పాను. ఫోను పెట్టేశాడు.

కోప్పడి ఉంటే బాగుండేది, కోపానికి బదులు చెప్పొచ్చు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు ఎంత దూరం? కారులో అరగంట. పందెం మొదలయ్యే వేళ దాటిపోతోంది. అయితే ముఖ్య అతిథి ఇంకా రాలేదు. ముఖ్య అతిథి రాకుండా మన వైపు ఏ కార్యమూ మొదలుకాదు. ముఖ్య అతిథులు ఆలస్యంగా రావడం చూసి జీవితంలో మొదటిసారి సంతోషించాను. శరత్ చంద్ర గారు పులివెందులలో ఇంకో కప్పు కాఫీ తాగాలని దేవుడికి మొక్కుకున్నాను.

మా మామ కారే ముందు వచ్చింది.

దిగాడు. తెల్ల పంచె, మడత నలగని శాలువా. ఆయన ఎప్పుడూ అంతే, ఇల్లు కాలుతున్నా శాలువా సర్దుకునే బయటికి వస్తాడు. జనం దారి ఇచ్చారు. బంగారం కొన్నవాళ్ళూ కొనబోయేవాళ్ళూ "శెట్టిగారూ" అని దండాలు పెట్టారు. ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టారు. ఆయన నా వైపు చూడలేదు. నేరుగా ఆదినారాయణ రెడ్డి దగ్గరికి నడిచాడు.

"రెడ్డిగారూ, నా పేరు మీద ఏందో జత ఉందంట. ఏదీ?"

"అదో, మీ కోడలు, ఆ సాయిబుల పిల్ల. మీకు తెలియకుండానే పేరిచ్చినారా శెట్టిగారూ? అట్లయితే కొట్టేస్తా, ఇబ్బందేం లేదు."

"కొట్టేసేది, ఉంచేది నేను చెప్తా." అప్పుడు తిరిగాడు నా వైపు. "అబద్ధం చెప్పినావు."

"చెప్పినా మామా."

"ఎందుకు?"

"అడిగితే వద్దంటారని."

"అడిగినావా?"

నేను చేతిలోని ఫోను వైపు చూశాను.

"అడగనే లేదు. నేను వద్దన్నట్టు నువ్వే అనుకున్నావు, నువ్వే తీర్పు చెప్పినావు. ఇంతమందిలో నా పేరు మైకులో పిలిపించినావు. దేనికి పిలుస్తాండారో నాకే తెలియదు. ఇది మర్యాదేనా?"

తప్పు నాదే. అయినా తల దించుకుని ఊరుకుంటే నేను పద్మశ్రీని కాను.

"పోయినేడు మన వీధిలో ఆ డాక్టరు కూతురు నిక్కరేసుకొని సైకిలు తొక్కుతాంటే, ఏం కాలం వచ్చిందో అని మీరు అనలేదా మామా? నేను పక్కనే ఉండా. విన్నాక నేను ఎట్ల అడగాల?"

ఆదినారాయణ రెడ్డి దగ్గినట్టు చేశాడు. మునెమ్మ టీ వడకట్టడం ఆపేసింది. ఫోన్లు పట్టుకున్న చేతులు అలాగే నిలిచిపోయాయి. పెళ్ళై ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను ఆయనకు ఎదురు మాట చెప్పడం అదే మొదలు. అదీ ఊరి మధ్యలో.

మా మామ శాలువా కొంగు ఒకసారి సర్దుకున్నాడు.

"అన్నా. నిజమే, అన్నా." ఆ మాట ఆయన నెమ్మదిగా, తూకం వేసినట్టు అన్నాడు. తర్వాత గొంతు మారింది, అంగట్లో కూర్చున్నప్పటి గొంతు. "సరే. నా పేరు మీద పొయ్యే సరుకు నేను చూడకుండా బయటికి పోదు. మా నాయన కాలం నుంచి పోలేదు. ఉరికి చూపించండి."

"ఏంది మామా?"

"ఆ చింతచెట్టు దాకా పోయి రాండి ఇద్దరూ. నేను చూడాల."

ఆయన గీటురాయి మీద గీయకుండా ఎవరి నగా తీసుకోడు. సొంత చెల్లెలు తెచ్చిన గాజులను కూడా ఆమె కళ్ళముందే గీసి చూశాడు, ఆమె రెండేళ్ళు మాట్లాడలేదు. అది ఆయన పద్ధతి. కండువా చెరో కొస పట్టుకున్నాము. చలికి బిగుసుకున్న కాళ్ళతో, వందమంది చూస్తుండగా, చింతచెట్టు దాకా పరిగెత్తి వెనక్కి వచ్చాము. బాగానే పరిగెత్తామనుకున్నాను. మూడు నెలల్లో నేను ఎంత మారానో నాకు తెలుసు. మొదట్లో ఆయాసపడుతూ హజరాబీ వెనకాల పడి పోయేదాన్ని, ఇప్పుడు ఆమె భుజానికి భుజం కలిపి పరిగెడుతున్నాను.

మా మామ మా మొహాలు చూడలేదు. కండువా అడిగి తీసుకున్నాడు. రెండు కొసలూ వేళ్ళతో తడిమాడు.

"ఏమ్మా, నీ పేరు హజరాబీ కదా. ఖమర్‌బీ కూతురివి."

"అవును శెట్టిగారూ."

"నువ్వు ఎందుకు తగ్గించుకొని ఉరుకుతాండావు?"

"ల్యా శెట్టిగారూ, నేను మామూలుగానే..."

"రవ్వంత తేడా కనిపెట్టి బతికినోన్ని నేను. నాకు అబద్ధం చెప్పొద్దు, ఈ పొద్దుకు మా కోడలు చెప్పింది చాలు. మా కోడలి పట్టు బిగిసి ఉంది, ఆమె కాళ్ళు ఉన్నదంతా పెట్టినాయి. నీ చేతిలో కొస వదులుగా ఉండాది. ప్రతి అడుగూ నువ్వు వెనక్కి లాక్కుంటాండావు. ఉన్న దాంట్లో సగం కూడా వాడల్యా."

హజరాబీ తల దించుకుంది.

నేను ఆమె మొహంలోకి చూశాను. చూడగానే తెలిసిపోయింది. మూడు నెలలుగా నేను వేగం పెంచుకున్నానని మురిసిపోతున్న ప్రతి తెల్లవారూ, ఈమె నా పక్కనే, నా కోసం, తన కాళ్ళను పట్టి ఉంచుకుంటూ వచ్చింది. ఒక్కసారి కూడా మాట జారలేదు. పైగా "శానా బాగా ఉరుకుతాండావక్కా" అనేది. ఉద్యోగం ఇచ్చే పందెంలో కూడా అలాగే పరిగెత్తబోయింది. సిగ్గు పడాలో, ఆమెను పట్టుకుని ఏడవాలో తెలియలేదు.

"లహరీ!" అని కేక వేశాను. లహరి తన చెల్లెలు అర్చనతో జతగా దిగుతోంది. మా అందరిలో హజరాబీ తర్వాత వేగం దానిదే. "నువ్వు హజరాబీతో దిగు. నేను తప్పుకుంటా. రెడ్డిగారూ, జతలు మార్చుకోవచ్చునా?"

"జెండా ఊపే దాకా మార్చుకోవచ్చు."

లహరి ఒక్క క్షణం ఆలోచించలేదు. చెల్లెలి చేతిలో కొస వదిలేసి ముందుకు వచ్చింది. అర్చన కూడా "పోక్కా" అంది. అందరూ సర్దుకున్నారు, ఒక్కరు తప్ప.

"నేను దిగను," అంది హజరాబీ.

"ఏందే నువ్వు..."

"దిగితే పద్మక్కతో దిగుతా. ల్యాకుంటే ఇంటికి పోతా."

"ఉద్యోగం పోతాదే!"

"పోనీ." మాట నాతో అంటున్నా చూపు మా మామ మీద నిలిపింది. "శెట్టిగారూ, ఒక్క మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు. నేను అంత వేగం ఉరుకుతానని మీరు కనిపెట్టినారు. మరి ఇన్నేండ్లు ఎందుకు ఉరకలేదో అడగండి. ఆ కాళ్ళు అప్పుడూ ఉండాయి కదా. తెల్లారుజామున ఒక్కదాన్ని రోడ్డు మీద ఉరికితే, యాడికి పోతాండావు, ఎవరి కోసరం పోతాండావు అని అడిగేటోళ్ళే అందరూ. ఇద్దరం ఉరికితే ఎవరూ అడగల్యా. మీ ఇంటి కోడలు పక్కన ఉందని అడగల్యా. వానొచ్చినా, చలైనా అక్క ఒక్క రోజు రాకుండా లేదు. కాలు వాసినా వచ్చింది. నా వేగం మీకు కనపడింది. ఆ వేగాన్ని గడప దాటించింది ఈమె. ఈమెను పక్కన పెట్టి నేను గెలిస్తే, అది గెలుపు కాదు శెట్టిగారూ."

హజరాబీ అంతసేపు మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. మా మామ ఆమెను చాలాసేపు చూశాడు. అంగట్లో అరుదైన నగ ఏదైనా చేతికి వచ్చినప్పుడు ఆయన కళ్ళద్దాలు తీసేసి మామూలు కళ్ళతో చూస్తాడు. ఇప్పుడు కూడా కళ్ళద్దాలు తీశాడు. శాలువాతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కండువా తెచ్చి ఒక కొస ఆమె చేతిలో, ఇంకో కొస నా చేతిలో పెట్టాడు.

"నా పేరు మీద పోతాండారు కాబట్టి చెప్తాండా. అమ్మా హజరాబీ, తగ్గించుకోవద్దు. నీకు ఎంత ఉంటే అంతా ఉరుకు. మా కోడలు తట్టుకుంటే తట్టుకుంటాది. తట్టుకోలేకుంటే పడతాది. పడితే లేస్తాది." నా వైపు తిరిగాడు. "నువ్వు కొస వదలొద్దు. అంతే."

"సరే మామా."

"ఇంటికి పోయినాక గృహప్రవేశం సంగతి మాట్లాడుకుందాం."

అప్పుడే శరత్ చంద్ర కారు వచ్చింది. దండలు, దండాలు, మైకులో పొగడ్తలు అయ్యాయి. అందరం గీత మీదికి వచ్చాము. ఆదినారాయణ రెడ్డి ఒక్కో జత పేరూ చదువుతున్నాడు. మా వంతు వచ్చింది.

"ప్రొద్దుటూరు వీరాంజనేయులు శెట్టిగారి జత! యజమాని వచ్చినాడు!"

"రెడ్డిగారూ," అన్నాడు మా మామ వెనక నుంచి, "నా పేరు ఊరందరికీ తెలుసు. ఉరికేటోళ్ళ పేర్లు చదవండి."

రెడ్డి కాస్త తడబడ్డాడు. మైకు కీచుమంది. "ఆఁ... పద్మశ్రీ! హజరాబీ!" అని చదివాడు. తర్వాత ఏమనుకున్నాడో, మిగతా ఆడ జతల పేర్లు కూడా వెనక్కి పోయి మళ్ళీ చదివాడు.

జెండా ఊగింది.

మైలవరం దారి పట్టాము. రెండు పక్కలా శనగ చేలు, వాటి మీద పొగమంచు. ముక్కులు మండిపోయే చలి. హజరాబీ మొదటి వంద అడుగులు నాతోనే వచ్చింది. అప్పుడు నేను, "ఆయనేం చెప్పినాడు?" అన్నాను. ఆమె నన్ను చూసి నవ్వింది. ఇక పరిగెత్తింది.

అయ్యో, ఆ పరుగు! మూడు నెలలు పక్కనే ఉండి నేను చూడనిది అదీ. అంత వేగంలోనూ ఆమె తల కదలదు, భుజాలు కదలవు, కాళ్ళు మాత్రం రోడ్డును తాకీ తాకనట్టు పోతుంటాయి. పరిగెడుతున్నది ఆ పిల్లేనా, ఏడేళ్ళుగా మిషను ముందు వంగి కూర్చున్నది ఆ వీపేనా అనిపించింది. నా స్నేహితురాలు అని గట్టిగా అరవాలనిపించింది. అరవడానికి ఊపిరి లేదు. కండువా నా చేతిని ముందుకు లాగుతోంది, నేను దాని వెనక పోతున్నాను. పక్కటెముకల కింద కత్తి దిగినట్టు పోటు. కళ్ళలో నీళ్ళు చలివో, ఏడుపువో. వదలకూడదు, అంతే. పిడికిలి మాత్రం నాది. దాన్ని ఎవరూ లాక్కోలేరు.

మలుపు రాయి చుట్టి తిరిగేసరికి మా ముందర ఆడ జతలు రెండే. చేలల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు గట్టు మీద నిలబడి కేకలు పెట్టారు. లహరి, అర్చన ఎదురు దారిలో పోతూ "అక్కా, మూడో జత మీరే!" అని అరిచారు. మూడో జత! హజరాబీ వినింది, వినీ అడుగు ఇంకా పెంచింది. నేనూ పెంచాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ బలం, నాకు తెలియదు.

ఊరు కనిపించింది. గీత, జెండా, జనం. గీతకు ముందు కొత్తగా వేసిన స్పీడ్ బ్రేకర్ ఒకటి ఉంది. తారు రంగే దానిది కూడా. హజరాబీ దాటేసింది. నా బూటు ముక్కు దానికి తగిలింది.

బోర్లా పడ్డాను. మోకాలు చిట్లింది, అరచెయ్యి గీరుకుపోయింది. కానీ రెండో చెయ్యి, పిడికిలి, కండువా కొస, అలాగే ఉన్నాయి. హజరాబీ ఒక్క కుదుపుతో ఆగి, తన కొస వదలకుండా నా వైపు వంగింది. మా వెనక అడుగుల చప్పుడు వస్తోంది, ఒక జతది కాదు, రెండు జతలది. లేవబోయాను. కాలు నిలవలేదు.

అప్పుడు జనం ఒక్కసారిగా గోల చేశారు. తల ఎత్తి చూశాను. మా మామ ఉరికి వస్తున్నాడు. శాలువా ఎక్కడో పడిపోయింది. పంచె మోకాళ్ళ పైకి ఎగగట్టి, చెప్పులు వదిలేసి, నలుగురూ చూసే రోడ్డు మీద, పది ఫోన్లు వీడియో తీస్తుండగా, ప్రొద్దుటూరు వీరాంజనేయులు శెట్టి ఉరికి వస్తున్నాడు.

"లెయ్ పద్మా! లెయ్యమ్మా! లెయ్!"

ఆ గొంతు నేను ఇంట్లో ఎన్నడూ వినలేదు. ఎద్దుల పక్కన ఉరికే రైతుకు ఉండే గొంతు అది. నా పేరు ఆయన నోట్లో అంత గట్టిగా పలకడం అదే మొదలు. నా దగ్గరికి వచ్చి ఆగాడు. రొప్పుతూ వంగాడు. ఆ క్షణంలో ఆయనకు పందెం గుర్తులేదు, రెడ్డి చెప్పిన షరతు గుర్తులేదు. రోడ్డు మీద రక్తం కారుతూ పడి ఉన్న ఇంటి పిల్ల ఒక్కతే కనిపించింది. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఒక గ్లాసు కూడా నేరుగా నా చేతికి ఇవ్వని మనిషి, నన్ను లేపడానికి చెయ్యి చాపాడు.

"ముట్టొద్దు శెట్టిగారూ!" హజరాబీ గొంతు చీలిపోయింది. "అల్లా మీద ఆన, ముట్టొద్దు!"

ఆయన చేతికీ నా మోచేతికీ మధ్య వేలెడు జాగా ఉంది. గీత దగ్గర ఆదినారాయణ రెడ్డి ఈల ఊదాడు. ఆ ఈల దేనికో వచ్చే వారం చెబుతాను, అప్పటి దాకా తిట్టుకోండి.